ఓసాకా పూలూ, గోపాలపట్నం ఫ్రిజ్జూ

తెలివి మాటొస్తే అంబాజీపేటలో కొబ్బరితాళ్ళ కొట్టు వాళ్ళ తరవాతే ఎవరైనా. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు లెండి, వాళ్ళే అన్నారు. అని ఊరుకోలేదు, కొట్టు ముందు బల్ల మీద కూచుని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పేవారు కూడాను. ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడు గవర్రాజు, నడిపివాడు త్రిమూర్తులు, కడగొట్టువాడు ఏడుకొండలు. పెళ్ళయింది గవర్రాజుకొక్కడికే. మిగతా ఇద్దరికీ తమంత తెలివైన పిల్ల దొరక్క ఆగిపోయింది.

"జనం ఎందుకు చెడిపోతారో తెలుసాండీ?" అనేవాడు గవర్రాజు. "ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. సగం విని, మిగతా సగం సొంతంగా ఆలోచిస్తారు. మాకా రోగం లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం."

"ఆయ్, మా ఇంటా వంటా ఆలోచనే లేదండి," అనేవాడు త్రిమూర్తులు ఛాతీ విరుచుకుని.

వాళ్ళమ్మ పళ్ళాలమ్మగారికి డెబ్బై ఆరేళ్ళు. ఆ ఇంట్లో ఏ పనైనా తెమిలిందంటే ఆవిడ చలవే, కాని ఆ సంగతి కొడుకులకి తెలీదు. ఆవిడకి ఒకే ఒక్క కోరిక. పీచు మిషను కొన్నప్పుడు ఇచ్చిన క్యాలెండర్లో ఏప్రిల్ నెలకో బొమ్మ ఉంది. జపాన్ దేశంలో ఓసాకా అని పెద్ద పట్నం. ఆ పట్నంలో తెల్లటి గోడలూ ఆకుపచ్చ కప్పులూ ఉన్న కోట. కోట చుట్టూ చెట్లు. చెట్టు నిండా లేత గులాబీ రంగు పూలు. ఆకు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు!

"ఈ బొమ్మ తియ్యకండర్రా," అందావిడ.

అంతే. ఆ ఇంట్లో రెండేళ్ళపాటు ఏప్రిల్ నెలే నడిచింది. శ్రావణమాసంలో చూరు ధారలు కడుతుంటే ఏడుకొండలు ఆవకాయ మామిడికాయల కోసం సంతంతా గాలించాడు. "ఏప్రిల్లో కాయ దొరక్కపోవడమేంటండీ, లోకం పాడైపోయింది," అని వచ్చి బాధపడ్డాడు.

ఆ బొమ్మ గురించి పళ్ళాలమ్మగారికీ ఆవిడ భర్తకీ రోజూ పోట్లాటే. "అదంతా రంగే. ఆకు లేని చెట్టుకి అన్ని పూలెక్కణ్ణించొస్తాయి? తోటలో పుట్టి తోటలో పెరిగినోణ్ణి, నాకు చెబుతావా?" అనేవాడాయన. "నిజం చెట్టే," అనేదావిడ. పోయినేడు ఆయన పోయాడు. పోతూ పోతూ కూడా ఒప్పుకోలేదు.

"ఆ మాట తేలకుండానే పోయాడ్రా మీ నాన్న," అంది పళ్ళాలమ్మగారు ఒకనాడు అన్నం దగ్గర. "నా కళ్ళతో చూసి తేల్చుకోవాలి. ఈ ఏడాదే చూపించండి. వచ్చే ఏడాదికి నా మోకాళ్ళు ఒప్పుకోవు."

ఇంకేముంది, కొడుకులు ముగ్గురూ ఎంగిలి చేతుల్తోనే లేచారు. మర్నాడే అమలాపురం వెళ్ళి, యాత్రలు తిప్పే దొరబాబుగారి ఆఫీసులో కూచున్నారు. గవర్రాజు పెళ్ళాం మంగతాయారు కొట్టు చూసుకోవాలి కాబట్టి తల్లీ ముగ్గురు కొడుకులూ, నాలుగు టిక్కెట్లు.

దొరబాబుగారు చాలా నెమ్మదైన మనిషి. "ఆ పూలు పట్టుమని పది రోజులుండవండి. తేదీ తప్పామంటే మళ్ళీ ఏడాదిదాకా లేవు. కాబట్టి నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి," అన్నాడు.

పాపం, ఆ మాట ఎవరితో అంటున్నాడో ఆయనకి తెలీదు.

"ముందు వీసాకి ఫొటోలు. నవ్వకూడదు. రెండు చెవులూ కనపడాలి. నాలుగు రోజుల్లో తెచ్చివ్వండి."

అంతే, ముగ్గురూ కుర్చీల్లో ఉండగానే నవ్వు మానేశారు. జుట్టు నీళ్ళతో తడిపి వెనక్కి దువ్వి, చెవులు బయటపెట్టుకుని ఇల్లు చేరారు. సంగతి విని మంగతాయారు కూడా తల తడుపుకుని, చెవులు కనపడేలా బిగించి ముడేసుకుంది. ఫొటో ఆవిడకి కాదు. అయినా ఒకింట్లో ఒకళ్ళొక తీరు, ఒకళ్ళొక తీరు ఉంటే ఏం బాగుంటుంది? ఫొటో స్టూడియో అతను చెల్లెలి పెళ్ళికెళ్ళి నాలుగు రోజులు కొట్టు మూశాడు. వీళ్ళూ నాలుగు రోజులూ మొహాలు వేలాడేసుకుని, తడి తలల్తో అరుగు మీద కూచున్నారు.

రెండోరోజు ఎదురింటి బుల్లెమ్మగారు చూసింది. తడి తలలు, నూనె లేని జుట్టు, నవ్వు లేని మొహాలు. గబగబా వీధి దాటి వచ్చి అరుగెక్కింది.

"ఏవయ్యా గవర్రాజూ, ఇలా ఎప్పుడు జరిగింది?"

"నిన్నండి. అమలాపురంలో."

"అయ్యో! పెద్దావిడేనా?"

"అమ్మతో పాటు మేం ముగ్గురమూనండి," అన్నాడు గవర్రాజు మొహం ఇంకాస్త దించి.

"కడుపులో బాధ అలా పలికిస్తోంది," అనుకుంది బుల్లెమ్మగారు కళ్ళొత్తుకుంటూ. వీధంతా పోగయింది. పక్క కొట్టువాడు తలుపులు మూసేశాడు. ఎవరో వెదురు బొంగులు కూడా తెచ్చారు.

"మరి ఏర్పాట్లు?" అనడిగారు పెద్దమనుషులు.

"అన్నీ దొరబాబుగారే చూస్తున్నారండి. విమానంలో తీసుకెళతారు."

"విమానంలోనా! ఎక్కడికయ్యా?"

"ఓసాకా. ఎనిమిది రోజుల్లో మళ్ళీ తెచ్చేస్తారండి."

పెద్దమనుషులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అప్పుడు దొడ్లోంచి మునగాకు చాట పట్టుకుని పళ్ళాలమ్మగారే వచ్చింది. బుల్లెమ్మగారు కెవ్వుమని అరుగు మీంచి దూకింది. పళ్ళాలమ్మగారికి సంగతి అర్థమై పకపకా నవ్వింది.

"అమ్మా! నవ్వకు, ఫొటో పాడైపోద్ది!" అని కొడుకులు ముగ్గురూ ఒక్కసారే కేకేశారు.

ఎలాగైతేనేం, ఫొటోలయ్యాయి. వాటిని తీసుకుంటూ దొరబాబుగారు మంచి కోరి ఇంకో ముక్క చెప్పాడు. "జపాన్లో గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు నడుస్తుందండి. ఇప్పట్నించే కాస్త అలవాటు చేసుకుంటే అక్కడ నిద్ర ఇబ్బందుండదు."

ఇంకేముంది, ఇంట్లో గడియారాలన్నీ మూడున్నర గంటలు ముందుకి తిప్పేశారు. తెల్లారి అయిదింటికి పాలవాడొస్తే, "ఎనిమిదిన్నరకా పాలు తేవడం? మనుషులు కాఫీ తాగాలా వద్దా?" అని మంగతాయారు చెంబు పెట్టి కొట్టినంత పని చేసింది. పొద్దున్నే ఎనిమిదిన్నరకి పప్పూ పులుసుతో భోజనం, ఎండ చుర్రుమంటుంటే సంధ్యాదీపం. పళ్ళాలమ్మగారు మాత్రం తన గదిలో గడియారం జోలికి రానివ్వలేదు. "నాకు ఆకలేసినప్పుడు అన్నం పెట్టండి, చాలు," అంది.

అసలు చిక్కు వీసా రోజునొచ్చింది. విశాఖపట్నంలో కాగితాలు తీసుకునే ఆఫీసుకి నలుగురూ పదింటికల్లా రావాలన్నారు. ఆ రోజు దాటితే మళ్ళీ వారందాకా ఖాళీ లేదట, వారం ఆగితే అక్కడ పూలుండవట. వీళ్ళు ముందురోజే వెళ్ళి లాడ్జిలో దిగి, సరిగ్గా పదింటికి ఆఫీసు మెట్లెక్కారు. తాళం వేసుంది. వాచ్‌మన్ పళ్ళు తోముకుంటున్నాడు.

"పదైంది, తలుపులు తియ్యరేంటండీ?" అన్నాడు త్రిమూర్తులు చేతి గడియారం చూపించి.

"ఆరున్నరయింది బాబూ."

"మీకు ఆరున్నర. మేం వెళ్ళేదెక్కడికి? జపాన్‌కి. జపాన్లో ఎంతయింది?"

వాచ్‌మన్ బ్రష్షు నోట్లోనే ఉంచుకుని కాసేపు ఆలోచించాడు. "నాకు జపాన్ తెలీదు. పదింటికి రండి," అన్నాడు.

"పదింటికొచ్చినవాణ్ణి పదింటికి రమ్మంటారేంటన్నయ్యా?" అన్నాడు ఏడుకొండలు.

"వీళ్ళకి టైమంటే లెక్కలేదు. మనమే పోదాం," అన్నాడు గవర్రాజు. ముగ్గురూ బస్టాండుకి నడిచి, ఊరి బస్సెక్కేశారు.

పళ్ళాలమ్మగారు కదల్లేదు. "నా మోకాళ్ళు ఇంకో మెట్టు దిగవు," అని సంచీ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూచుంది. వాచ్‌మన్ టీ ఇప్పించాడు. పదింటికి తలుపులు తెరిచారు. ఆవిడ లోపలికెళ్ళి నలుగురి కాగితాల కట్టలూ బల్ల మీద పెట్టి, "మిగతా ముగ్గురూ తొందరపడి ముందొచ్చి ముందే వెళ్ళిపోయారు నాయనా," అని చెప్పింది. అక్కడి అమ్మాయి ఆవిణ్ణి చూసి, కొడుకులకి ఫోను చేసి, సగం దారిలో బస్సు దింపి వెనక్కి రప్పించింది. కాగితాలు తీసుకున్నారు. వీసా వచ్చింది.

"చూశారా, మనం టైముకి వెళ్ళబట్టే పనైంది," అన్నాడు గవర్రాజు.

ఇక ప్రయాణం వారం రోజులుందనగా మర్యాదల పాఠం మొదలైంది. "అక్కడ నమస్కారమంటే తలవంచడమేనండి," అన్నాడు దొరబాబుగారు ఫోన్లో. "ఎదుటివాళ్ళు ఎంత వంగితే అంతకంటే ఓ పిసరు ఎక్కువ వంగండి. సంతోషపడతారు."

దొడ్లో త్రిమూర్తులూ ఏడుకొండలూ ఎదురెదురుగా నిలబడ్డారు. త్రిమూర్తులు నడుం దాకా వంగాడు. ఏడుకొండలు మోకాళ్ళదాకా వంగాడు. త్రిమూర్తులు నేలకి ముక్కు తాకించాడు. ఏడుకొండలు బోర్లా పడుకున్నాడు.

"ఇక వంగడానికి చోటేదిరా?" అన్నాడు త్రిమూర్తులు నేల మీంచే.

"అది నీ ఇష్టమన్నయ్యా. నేనైతే మర్యాద చేసేశాను."

తమ్ముడు అలా అన్నాక ఊరుకుంటాడా? దొడ్డి చివర కొబ్బరి డొక్కలు నానబెట్టే గుంట ఉంది. త్రిమూర్తులు అందులోకి దిగి, మెడలోతు కుళ్ళు నీళ్ళల్లోంచి తలవంచాడు. ఏడుకొండలు కూడా తక్కువ తిన్నవాడు కాదు, తలకిందులుగా దూకాడు. అంతే, పైకి రెండు పాదాలు మాత్రం తేలాయి. గవర్రాజు గట్టు మీంచి, "వారెవ్వా తమ్ముడూ, ఇంతకంటే మర్యాద జపాన్లో కూడా ఉండదు!" అని చప్పట్లు కొట్టాడు. పళ్ళాలమ్మగారు కుంటుకుంటూ వచ్చి కొట్లోంచి తాడు తెప్పించి, ఇద్దర్నీ పైకి లాగించింది. మూడు రోజులు ఆ కంపు పోలేదు.

"దేవుడా, ఓసాకాలో గుంటల్లేకుండా చూడు," అని దణ్ణం పెట్టుకుందావిడ.

సర్దుడు మంగతాయారు వంతు. మనిషికి ఇరవైమూడు కిలోల సామాను అన్నారు. అన్నదమ్ముల సంచులు సరిపోయాయి. అత్తగారి సంచీ తూచితే ఆరు కిలోలే.

"ఇదేంటత్తయ్యా, ఇరవైమూడన్నారు కదా! ఆరు చూపిస్తే విమానం ఎక్కనిస్తారా?"

"అంతకంటే మించకూడదన్నారే తల్లీ."

"మించకూడదు, తగ్గకూడదు. అందుకేగా లెక్క చెప్పింది," అని మంగతాయారు రుబ్బురోలు పొత్రం తెచ్చి సంచీలో దించింది. ఇరవైనాలుగైంది. ఒక కిలో ఎక్కువ. ఇంకేముంది, ఆవిడ మందుల డబ్బా, ఉన్ని శాలువా తీసేసింది. సరిగ్గా ఇరవైమూడు! అందరూ వచ్చి తక్కెడ చూసి మెచ్చుకున్నారు. పళ్ళాలమ్మగారు మందులు రొంటిన దోపుకుంది, శాలువా ఒంటికి చుట్టుకుంది.

ప్రయాణం రోజు వచ్చింది. విశాఖ విమానాశ్రయం. మధ్యాహ్నం విమానం. పళ్ళాలమ్మగారికి చక్రాల కుర్చీ తెచ్చారు. యూనిఫాం వేసుకున్న పిల్లొకతె ఆవిడ సంచీ, పాస్‌పోర్టు అందుకుని, "రండి మామ్మగారూ," అని ముందుకి తోసుకుపోయింది. వెనక అన్నదమ్ములు ముగ్గురూ బండి నిండా సంచుల్తో వరసలో నిలబడ్డారు. చుట్టూ అద్దాలు, దీపాలు, ఎటు చూసినా బాణం గుర్తులు. గవర్రాజు దొరబాబుగారికి ఫోను చేశాడు.

"ఏం కంగారు పడకండి," అన్నాడాయన. "మీ ముందు నిలబడ్డ మనిషి ఏం చేస్తే మీరూ అదే చెయ్యండి. అంతే!"

"ఆయ్," అన్నాడు గవర్రాజు. మనసు తేలికపడింది.

వాళ్ళ ముందు నిలబడ్డది భాస్కరం అనే ఆయన. బల్ల దగ్గరికెళ్ళాడు. వీళ్ళూ వెళ్ళారు. జేబులు తడుముకున్నాడు. వీళ్ళూ తడుముకున్నారు. ఆయన ఫెడీమని నుదురు కొట్టుకుని, "అయ్యో! పాస్‌పోర్టు ఇంట్లో మర్చిపోయాను!" అన్నాడు.

వీళ్ళు ముగ్గురూ ఫెడీ ఫెడీ ఫెడీమని నుదుళ్ళు కొట్టుకుని, "అయ్యో! పాస్‌పోర్టు ఇంట్లో మర్చిపోయాను!" అన్నారు.

ఆయన పరుగు. వీళ్ళూ పరుగు. ఆయన ఆటో ఎక్కాడు. వీళ్ళు సంచుల్తో సహా అదే ఆటో ఎక్కారు. భాస్కరానికి ఒక్క క్షణం జాలేసింది, తనలాంటి మతిమరుపు వాళ్ళు ఇంకో ముగ్గురున్నారని.

"మీదీ గోపాలపట్నమేనా?"

"మీదెక్కడైతే మాదీ అక్కడేనండి."

గోపాలపట్నం ఎంతో దూరం లేదు. భాస్కరం ఇంట్లోకి దూకి బీరువా వెతికాడు. వీళ్ళూ సంచులు గుమ్మంలో పడేసి వెతికారు. పరుపెత్తి చూశాడు. వీళ్ళూ ఎత్తారు. చివరికి పాస్‌పోర్టు ఫ్రిజ్జు మీద దొరికింది. ఆయన దాన్ని పట్టుకుని రివ్వున అదే ఆటోలో వెళ్ళిపోయాడు. వీళ్ళు వెళ్ళలేదు. ఎలా వెళతారు? ఆయనకి దొరికింది, వీళ్ళకి ఇంకా దొరకలేదు. ఫ్రిజ్జు మీదా కిందా వెనకా తడుముతూనే ఉన్నారు. పాస్‌పోర్టులు మూడూ ముగ్గురి చొక్కా జేబుల్లోంచీ తొంగి చూస్తున్నాయి.

ఆ ఇంట్లో భాస్కరం తండ్రి పరశురామయ్యగారు, ఆయన కోడలు లలిత ఉన్నారు. పెద్దాయన రైల్వేలో గార్డు చేసి రిటైరైన మనిషి, కబుర్లకి మొహం వాచిపోయున్నాడు. "మావాడి స్నేహితులై ఉంటారమ్మా, వంట చెయ్యి," అన్నాడు కోడలితో.

మర్నాడు మధ్యాహ్నం గవర్రాజు ఫోను మోగింది.

"ఒరే పెద్దోడా! ఎక్కడున్నార్రా? నా వెనక సీట్లలో ఉన్నారనుకున్నాను. దిగి చూస్తే ఒక్కళ్ళూ లేరు!"

"మేం ఫ్రిజ్జు దగ్గరున్నామమ్మా, గోపాలపట్నంలో. నువ్వెక్కడున్నావు?"

"ఓసాకాలో. దొరబాబు పెట్టిన గైడు పిల్ల బోర్డు పట్టుకుని నిలబడితే దాంతో వచ్చేశాను. పొత్రం మోసి మోసి దాని చెయ్యి లాగేసింది పాపం." ఆవిడ గొంతు తగ్గించింది. "కోట దగ్గరే కూచున్నాన్రా. నిజం చెట్టే. ఆకు లేదు. ఒళ్ళంతా పూలే. గాలొస్తే నా ఒళ్ళో రాలుతున్నాయి. పట్టుకు చూశాను, రంగంటలేదు. మీ నాన్న ఓడిపోయాడ్రా."

గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. తమ్ముళ్ళూ తుడుచుకున్నారు.

"అయితే మేమిప్పుడు ఏం చెయ్యాలమ్మా?"

పళ్ళాలమ్మగారు కొడుకుల్ని ఎరిగున్న మనిషి. వీళ్ళని కదిలిస్తే ఏ దేశంలో తేలతారో! "ఏమీ చెయ్యకండి నాయనా! నేనొచ్చేదాకా ఉన్నచోటే ఉండండి. ఒక్క అడుగు కదలకండి," అంది.

ఇంకేముంది! ముగ్గురూ ఫ్రిజ్జుకి అటొకడు, ఇటొకడు, ముందొకడు. లలితకి పెరుగు కావాలంటే ఏడుకొండలు చంక కిందనించి చెయ్యి దూర్చి తీసుకోవలసిందే. "కాస్త తప్పుకోండి అన్నయ్యగారూ," అంటే, "అమ్మ ఒప్పుకోదండి," అనేవాడు. రెండోపూటకే అవసరాల మాటొచ్చింది. పరశురామయ్యగారే ఓసాకాకి ఫోను చేసి, పళ్ళాలమ్మగారి దగ్గర స్నానానికీ, పడకకీ, దొడ్డివైపు వెళ్ళి రావడానికీ వేరేగా అనుమతి తీసుకున్నాడు. ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. ఆయనకి మాత్రం చెప్పుకున్నంత కాలక్షేపం. గార్డు చేసిన ముప్పై ఏళ్ళ కబుర్లూ, ఏ స్టేషనూ వదలకుండా చెప్పాడు. కదలకుండా వినేవాళ్ళు ఆయనకి జన్మలో దొరకలేదు.

తొమ్మిదోరోజు పొద్దున్న పళ్ళాలమ్మగారు విమానం దిగి నేరుగా గోపాలపట్నం వచ్చింది. మనిషి పదేళ్ళు తగ్గినట్టుంది. "వచ్చాను, ఇక కదలండర్రా," అంది. కదిలారు. ఆవిడ లలిత రెండు చేతులూ పట్టుకుని, "ఎంత ఓర్చుకున్నావే తల్లీ," అని పొత్రం ఆ పిల్లకే ఇచ్చేసింది. పరశురామయ్యగారికి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. గేటుదాకా వచ్చి, గవర్రాజు భుజం తట్టి, "ఎప్పుడైనా రండి బాబూ. ఇది మీ ఇల్లే అనుకోండి," అన్నాడు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు గవర్రాజు. "అమ్మా, నువ్వూ తమ్ముళ్ళూ ఆటో ఎక్కండి. నేనిప్పుడే వస్తాను."

పళ్ళాలమ్మగారు ఆటోలో సర్దుకు కూచునే హడావిడిలో అటు చూడలేదు. పరశురామయ్యగారు గేటు దగ్గర ఆటోకేసి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. లలిత లోపల ఉప్మాకి పోపు పెడుతోంది. ఒక నిమిషంలో గవర్రాజు గబగబా వచ్చి ఎక్కాడు. బస్టాండు చేరి బస్సెక్కారు. బస్సు అనకాపల్లి దాటింది. పళ్ళాలమ్మగారు సంతోషంగా పూల సంగతి మొదలుపెడుతుంటే, ఇందాక దారి గోలలో వినపడని గవర్రాజు ఫోను మళ్ళీ మోగింది. పరశురామయ్యగారు.

"బాబూ గవర్రాజూ! తాళం! తలుపుకి తాళం!" అని అరుస్తున్నాడు. వెనక ఎవరో కిటికీ చువ్వలు ఊపుతున్న చప్పుడు.

గవర్రాజు మొహం వెలిగిపోయింది. జేబులో వాళ్ళింటి తాళంచెవి తడుముకుని, అమ్మకేసీ తమ్ముళ్ళకేసీ గర్వంగా చూశాడు.

"తాళం గురించి మీరేం బెంగ పెట్టుకోకండి బాబాయిగారూ," అన్నాడు. "మా ఇల్లే అనుకోమన్నారుగా, నేనే వేశాను. రెండుసార్లు లాగి కూడా చూశాను!"